ప్రత్యక్ష ప్రసారం పక్కన నడిచే మాటల విలువెంత?

2019 సెప్టెంబర్ 6, శుక్రవారం అర్ధరాత్రి దాటింది. దేశంలో లక్షల ఇళ్లలో ఇంకా లైట్లు ఆర్పలేదు. చంద్రయాన్-2 నుంచి విడిపోయిన విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగడాన్ని ఇస్రో బెంగళూరు నుంచి ప్రత్యక్షంగా చూపిస్తోంది. చూపిస్తోంది అనడమే గానీ, కెమెరాకి అందేది చంద్రుడు కాదు. కంప్యూటర్ల ముందు కూర్చున్న శాస్త్రవేత్తలు, ఒక పెద్ద తెర, దాని మీద ఒక గీత. విక్రమ్ రావాల్సిన దారి ఆ గీత. నిజంగా వస్తున్న దారిని ఒక చుక్క చూపిస్తోంది. చాలాసేపు గీత మీదే నడిచిన చుక్క, చివర్లో కొంచెం పక్కకి జరిగి ఆగిపోయింది. హాల్లో చప్పట్లు ఆగాయి. ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఆ నిరీక్షణ తర్వాత ఇస్రో చైర్మన్ కె. శివన్ మైకు ముందుకొచ్చి, 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సవ్యంగా సాగిందని, ఆపైన ల్యాండర్‌తో సంబంధం తెగిపోయిందని, డేటా పరిశీలిస్తున్నామని ప్రకటించారు.

ప్రసారం వరకు చూస్తే ఆ రాత్రి కథ అంతే. కానీ హాలు మౌనంగా ఉన్నప్పుడు ట్విటర్ మౌనంగా లేదు. తెర మీది గీతని స్క్రీన్‌షాట్ తీసి, చుక్క ఎక్కడ పక్కకి జరిగిందో గుండ్రాలు చుట్టి పెడుతున్నారు. వేగం ఆ ఎత్తులో ఉండాల్సిన దానికంటే ఎక్కువుందా అని అంకెలు తీసి లెక్కలేస్తున్నారు. నెదర్లాండ్స్‌లో డ్వింగెలూ అనే ఊరి దగ్గర 25 మీటర్ల డిష్ ఉన్న పాత రేడియో టెలిస్కోప్ ఒకటుంది. దాంతో విక్రమ్ పంపే రేడియో సంకేతాన్ని నేరుగా వింటున్నవాళ్లు, ఆ సంకేతపు పౌనఃపున్యం ఎలా మారుతూ వచ్చిందో, ఎక్కడ హఠాత్తుగా తెగిపోయిందో చూపే గ్రాఫ్‌ని ట్విటర్‌లో పెట్టారు. ఇంకొందరు, ఇస్రో తెర మీది చుక్క 2.1 కిలోమీటర్ల దగ్గర కాదు, ఇంకా కిందికి, 400 మీటర్ల లోపు ఎత్తు దాకా వచ్చి ఆగిందని స్క్రీన్‌షాట్లతో సహా చూపించారు. తర్వాతి రోజుల్లో పత్రికలు ఆ తేడా గురించే రాశాయి.

అసలు కార్యక్రమంలో లేనిది, ఉండటానికి వీల్లేనిది ఇక్కడ దొరికింది. ఇస్రో తప్పు చేసిందని కాదు. ఒక ప్రభుత్వ సంస్థ చైర్మన్ అర్ధరాత్రి, ప్రధానమంత్రి ఎదురుగా ఉండగా, నిర్ధారణ కాని మాట చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆ పరిమితి చూసేవాళ్లకి లేదు. ఒకే తెరని రకరకాల చదువులున్న వేలమంది ఒకేసారి చూస్తున్నప్పుడు, వాళ్లలో పదిమందికైనా ఆ గీత చదవడం వస్తుంది. వాళ్లు చదివి చెబితే మిగతావాళ్లకి కార్యక్రమం అర్థమవుతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే రాత్రి అవే వేదికల మీద ‘ల్యాండర్ క్షేమంగా దిగింది, సిగ్నల్ మాత్రమే రావట్లేదు’ అనే ఆశలు, కుట్ర కథలు కూడా అంతే జోరుగా తిరిగాయి. గ్రాఫ్‌కీ గాలి కబురుకీ తేడా తెలిసినవాళ్లకే ఆ సంభాషణ పూర్తిగా పనికొచ్చింది.

ఆ సంభాషణ రాత్రితో ఆగలేదు. సెప్టెంబర్ 26న నాసా, చంద్రుడి చుట్టూ తిరిగే తన ఎల్ఆర్ఓ ఉపగ్రహం తీసిన ఆ ప్రాంతపు చిత్రాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది. చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు ఆ చిత్రాన్ని పాత చిత్రాలతో పోల్చుకుంటూ కూర్చుని, ముందు లేని ఒకే ఒక తెల్ల పిక్సెల్‌ని పట్టుకున్నారు. అక్టోబర్ మొదట్లో ఇది విక్రమేనా అని ట్విటర్‌లో అడిగారు, నాసా బృందానికి రాశారు. డిసెంబర్ మొదటి వారంలో నాసా ఆయన పేరు చెప్పి మరీ, శకలాల్ని మొదట గుర్తించింది ఆయనే అని ప్రకటించింది. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న తమ చంద్రయాన్-2 ఆర్బిటర్ అంతకుముందే ఆ చోటు కనిపెట్టిందని శివన్ ఆ వెంటనే అన్నారనుకోండి, అది వేరే సంగతి. ఒక ప్రత్యక్ష ప్రసారం చూసిన ఉత్సాహం మూడు నెలలు నిలిచి, ఇలాంటి ఫలితం దాకా వెళ్లడం రోజూ జరిగేది కాదు. అందుకే ఆన్‌లైన్ కార్యక్రమాల్లో సంభాషణ విలువ గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

ఎందుకంటే మన దగ్గర ఆ విలువని కొలిచే పద్ధతి మరోలా స్థిరపడిపోయింది. ఎన్ని కామెంట్లు వచ్చాయి, హ్యాష్‌ట్యాగ్ ఎన్నో స్థానంలో ట్రెండ్ అయింది, ఎన్ని లక్షలమంది ఒకేసారి చూశారు. ఈ అంకెలకి అర్థం లేదని కాదు. అవి చెప్పేది జనం వచ్చారని. జనం ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా, ఆ మాట వల్ల ఎవరికైనా ఏదైనా కొత్తగా తెలిసిందా, వేదిక మీద ఏదైనా మారిందా అన్నది ఆ అంకెల్లో ఉండదు.

నాలుగేళ్ల తర్వాతి సంగతే తీసుకోండి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి ఎగిరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగింది. 5 గంటల 44 నిమిషాలకి దిగడం మొదలై, 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ నేలని తాకింది. అప్పటికి నాలుగు రోజుల ముందే రష్యా పంపిన లూనా-25 కూలిపోయింది, కాబట్టి టెన్షన్ మామూలుగా లేదు. ఇస్రో యూట్యూబ్ ఛానల్‌ని ఆ కొద్ది నిమిషాల్లో ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. యూట్యూబ్ చరిత్రలోనే అప్పటికి అది రికార్డు.

80 లక్షల మందిలో నూటికి ఒక్కరు, నిమిషానికి ఒక్క ముక్క రాసినా నిమిషానికి 80 వేల సందేశాలు, అంటే సెకనుకి 1,300 పైచిలుకు. మనిషి కన్ను నిమిషానికి కొన్ని పదుల చిన్న సందేశాలకంటే చదవలేదు. కాబట్టి ఆ స్థాయిలో సంభాషణ అనే మాటకి అర్థం పోతుంది. ఎవరూ ఎవరికీ జవాబివ్వరు, ఇవ్వలేరు. అక్కడ రాసేది చదవడానికి కాదు, రాయడానికే. స్టేడియంలో అరిచినట్టు. దానికీ ఒక ప్రయోజనం ఉంది. గదిలో ఒంటరిగా ఫోన్ పట్టుకుని చూస్తున్న మనిషికి తను ఒంటరి కాదని తెలుస్తుంది. కానీ దానివల్ల అతనికి కార్యక్రమం గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అదే సాయంత్రం ఎక్స్‌లో పాతికమంది ఉన్న ఒక చిన్న చర్చలో, ‘ఇప్పుడు రఫ్ బ్రేకింగ్ దశ, 690 సెకన్లు పడుతుంది, ఎత్తు 30 కిలోమీటర్ల నుంచి 7.4కి తగ్గుతుంది, అడ్డంగా పోయే వేగం తగ్గడం చూడండి’ అని తెలిసినవాడు ఒకడు రాస్తే, ఆ అంకెలు చూస్తున్న మిగతా ఇరవై నలుగురికీ తెర మీది అంకెలు ఒక కథగా మారతాయి.

పెద్ద వేదికలు నడిపేవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. క్రికెట్ చూపించే హాట్‌స్టార్‌లో మ్యాచ్ నడుస్తుండగా తెర కింద ఎమోజీలు పైకి తేలుతూ వెళ్లేవి గుర్తుండే ఉంటాయి. 2019 ప్రపంచకప్‌లో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ని ఒకేసారి 2.53 కోట్ల మంది అందులో చూశారు. 2023 నవంబర్ 19 నాటి ఫైనల్ వచ్చేసరికి ఆ అంకె 5.9 కోట్లు. అంతమంది నొక్కిన ఎమోజీలని విడివిడిగా చూపడం కుదరదు. అందుకే వచ్చినవాటిని ఎప్పటికప్పుడు కూడి, ఈ క్షణంలో జనం మూడ్ ఇదీ అని మొత్తంగా చూపించేవారు. మాటని తీసేసి మూడ్‌ని మిగిల్చారన్నమాట. ఆ స్థాయిలో అది తెలివైన పనే. వాగ్దానం చేయలేని సంభాషణని వాగ్దానం చేయకపోవడం నిజాయితీ కూడా.

ఇంకో దారి ఇంతకు చాలాముందే కనిపించింది. 2009 జనవరి 20న బరాక్ ఒబామా ప్రమాణ స్వీకారాన్ని సీఎన్ఎన్ తన వెబ్‌సైట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూ, వీడియో పక్కనే ఫేస్‌బుక్ స్టేటస్‌ల పట్టీ పెట్టింది. ప్రసారం సాగుతున్నంతసేపు సగటున నిమిషానికి 4,000 స్టేటస్‌లు వచ్చాయి. ఒబామా ప్రసంగం మొదలుపెట్టిన నిమిషంలో 8,500. ఆ అంకెలకంటే గమనించాల్సింది, ఆ పట్టీలో రెండు మీటలు ఉండటం. ఒకటి నొక్కితే అందరి మాటలు, రెండోది నొక్కితే మన స్నేహితుల మాటలు మాత్రమే. అందరి మాటలు వరదలా పోతాయి. స్నేహితుల మాటలు నలుగురు సోఫాలో కూర్చుని చూసినట్టు ఉంటాయి. సమస్యని అంత తొందరగా, అంత సులువుగా పట్టుకున్న ఆ ఏర్పాటు తర్వాత పెద్దగా కొనసాగలేదు. ఇప్పుడు ఆ రెండో మీట పని మన వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి. మ్యాచ్ టీవీలో, మాట వాట్సాప్‌లో. కార్యక్రమం నిర్వహించేవాళ్లకి మాత్రం ఆ మాట వినిపించదు.

హ్యాష్‌ట్యాగ్ పుట్టింది కూడా కార్యక్రమాల కోసమే. 2007 ఆగస్టు 23న క్రిస్ మెసీనా అనే డిజైనర్, గుంపుల మాటల్ని ఒకచోట చేర్చడానికి # గుర్తు వాడితే ఎలా ఉంటుందని ట్విటర్‌లో అడిగారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ బార్‌క్యాంప్, అంటే వచ్చినవాళ్లే వక్తలై నడుపుకునే ఒక రకం సాంకేతిక సదస్సు. సరిగ్గా 16 ఏళ్లకి అదే తేదీన చంద్రయాన్-3 హ్యాష్‌ట్యాగ్ కింద లక్షలమంది మాటలు కుప్పపడ్డాయి. యాదృచ్ఛికమే, కానీ సరదా అయిన యాదృచ్ఛికం. ఆ గుర్తు ప్రతిపాదించిన ఉద్దేశం అలాంటి ఒక సదస్సుకి వచ్చినవాళ్ల గుంపు ఒకరినొకరు కనుక్కోవడం. మన సినిమా అభిమానుల చేతిలో అది వేరే ఆయుధమైంది. హీరో పుట్టినరోజుకి ఇన్ని లక్షల ట్వీట్లు కొట్టాలని ముందే టార్గెట్ పెట్టుకోవడం, అవతలి హీరో రికార్డు దాటాలని రాత్రంతా ఒకే ముక్కని కాపీ చేసి పెట్టడం తెలుగు సోషల్ మీడియాలో అందరూ చూసినవే. సంఖ్య ఉంటుంది, సంభాషణ ఉండదు. దాన్ని చూసి ‘మా కార్యక్రమానికి అంత స్పందన వచ్చింది’ అని నిర్వాహకులు మురిసిపోతే వాళ్లిష్టం.

సంభాషణకి విలువ రావాలంటే ముందు అందరూ ఒకే క్షణంలో ఉండాలి. వినడానికి చిన్న విషయం. నిజానికి ఆన్‌లైన్‌లో అది జరగదు. కెమెరా పట్టిన దృశ్యం ముక్కలుగా మారి, సర్వర్లు దాటి, మన ఫోన్‌లో కొంత నిల్వయ్యాకే ఆడుతుంది. ఈ ఆలస్యం పది సెకన్లు కావచ్చు, ముప్పై కావచ్చు. ఒకరికి ఫైబర్ ఉంటుంది, ఇంకొకరికి పల్లెలో రెండు గీతల సిగ్నల్ ఉంటుంది. చాట్ మాత్రం దాదాపు వెంటనే చేరుతుంది. అందుకే మీ తెర మీద బౌలర్ ఇంకా పరిగెత్తుతుండగానే చాట్‌లో ‘ఔట్’ అని పడుతుంది. పక్కింటి టీవీ కేక కూడా అంతే. క్రికెట్‌లో ఇది చిరాకుతో పోతుంది. మాట్లాడే కార్యక్రమాల్లో నష్టం ఇంకా ఎక్కువ. వక్త ‘ఇక్కడిదాకా ఏమైనా సందేహాలున్నాయా?’ అని అడిగి ఐదు సెకన్లు ఆగి, ఎవరూ ఏమీ రాయలేదని ముందుకెళ్లిపోతాడు. ప్రశ్న శ్రోతల చెవికి చేరేసరికే ఆయన తర్వాతి స్లైడ్‌లో ఉంటాడు. వాళ్లు టైప్ చేసిన సందేహం పాత విషయం గురించి కనిపించి, ఎవరికీ అర్థం కాకుండా పైకి జరిగిపోతుంది. యూట్యూబ్‌లో ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంది. చిత్రం నాణ్యత కొంత తగ్గినా, ఎవరైనా ప్రశ్నలు అడుగుతారని ఆశించే సభకి అదే పెట్టుకోవాలి. చాలామంది నిర్వాహకులు అటు చూడనే చూడరు. సభ అయ్యాక ‘మనవాళ్లు ప్రశ్నలు అడగరండీ’ అంటారు.

మనవాళ్లు అడగరన్నది నిజమేనా? హాల్లో జరిగే తెలుగు సాహిత్య సభలు గుర్తు తెచ్చుకుంటే ఒక దృశ్యం కనిపిస్తుంది. ‘ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు’ అనగానే ముందు వరసలో ఇద్దరు పెద్దలు మైకు అందుకుంటారు. అడిగేది ప్రశ్న కాదు, పదిహేను నిమిషాల ఉపన్యాసం. వెనక కూర్చున్న విద్యార్థిని అడగాలనుకున్న ఒక్క వాక్యం ఆమె దగ్గరే ఉండిపోతుంది. చాట్ ఈ వరసని చెదరగొట్టింది. అందరి అక్షరాలూ ఒకే సైజులో పడతాయి. ముందు వరస లేదు. జూమ్ వెబినార్‌లో ప్రశ్నలకి వేరే కిటికీ ఉండి, ఒకరి ప్రశ్నకి మిగతావాళ్లు లైక్ కొట్టి పైకి తెచ్చే వీలు కూడా ఉంది. కోవిడ్ కాలంలో సభలన్నీ ఆన్‌లైన్‌కి వచ్చినప్పుడు జరిగిన మార్పుల్లో నా లెక్కలో ఇది అన్నిటికంటే పెద్దది. దీని గురించి మాట్లాడింది మాత్రం తక్కువ.

ప్రవాసుల విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో తెలుగు సంఘాలు 2020 తర్వాత నెలనెలా నడిపిన అంతర్జాల సాహిత్య సమావేశాలకి ఇక్కడ సాయంత్రం, అక్కడ ఉదయం కుదిరేలా వేళ పెడతారు. మొదటి పది నిమిషాలూ చాట్ నిండా హాజరు పట్టీయే. డల్లాస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి, నర్సరావుపేట నుంచి, సిద్దిపేట నుంచి. ఎక్కడి నుంచి చూస్తున్నారో రాయమని అడగడం కాలక్షేపంలా అనిపించొచ్చు. కానీ ముప్పై ఏళ్ల కిందట ఒకే కాలేజీలో చదివినవాళ్లు ఒకరి పేరు ఒకరు చూసి ‘నువ్వేనా?’ అనుకునేది అక్కడే. వక్త ఏ పద్యం మొదటి పాదం చదివి మర్చిపోయినా, మిగతా మూడు పాదాలూ చాట్‌లో ఎవరో ఒకరు రాసేస్తారు. ప్రచురణ సంవత్సరం తప్పు చెబితే దిద్దేస్తారు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో లింకు పెడతారు. రెండొందలమంది ఉన్న సభలో ఇలాంటివి పదిహేను పడినా చాలు, ఉపన్యాసం ఒక్కటే విన్నదానికంటే ఎక్కువ పట్టుకుని లేస్తారు.

అయితే వేదిక మీదివాళ్లకి అది అందాలి. అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక పాత ఉదంతం ఉంది. 2009 నవంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన వెబ్ 2.0 ఎక్స్‌పో సదస్సులో డానా బాయిడ్ అనే సామాజిక శాస్త్రవేత్త మాట్లాడారు. సోషల్ మీడియా మీద పరిశోధన చేసిన మనిషి. ఆమె వెనక పెద్ద తెర మీద ఆ ప్రసంగం గురించి వస్తున్న ట్వీట్లు ప్రత్యక్షంగా వేశారు. హాల్లో అందరికీ కనిపిస్తున్నాయి, మాట్లాడుతున్న ఆమెకి తప్ప. మరీ వేగంగా మాట్లాడుతోందని మొదలైన వ్యాఖ్యలు వెక్కిరింతల్లోకి దిగాయి. నవ్వులు వినిపిస్తున్నాయి, ఎందుకో ఆమెకి తెలియదు. తర్వాత ఆ అనుభవం గురించి ఆమే వివరంగా రాశారు. అక్కడ నోరు జారినవాళ్ల తప్పు ఎంతో, ఏర్పాటు తప్పు అంతకంటే ఎక్కువ. అదే ట్వీట్లు ఆమె ముందున్న చిన్న తెర మీద పడి ఉంటే, ‘వేగం తగ్గించండి’ అన్న మొదటి మాటకే ఆమె తగ్గించేవారు.

అలాగని వక్తే మాట్లాడుతూ చాట్ చదువుకోవాలంటే అదీ కష్టం. కళ్లు పక్కకి పోతాయి, వాక్యం తెగుతుంది, పొగడ్త చదివి నవ్వుకుంటూ ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. దీనికి మన దగ్గర పాత జవాబు ఒకటుంది. బుర్రకథలో కథకుడు ఒక్కడే నిలబడడు, పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. జనం మనసులో మెదిలే ‘అయితే అప్పుడేమైంది?’ అనే ప్రశ్నని వాళ్లే అడుగుతారు, హాస్యం వేస్తారు, ఊళ్లో నలుగుతున్న రాజకీయాన్ని కథ మధ్యలోకి లాగుతారు. కథకుడి ఊపు చెడకుండానే కథ జనానికి దగ్గరవుతుంది. ఆన్‌లైన్ సభలో చాట్ చూసే మనిషి చేయాల్సింది సరిగ్గా ఆ పనే. వచ్చిన ఇరవై ప్రశ్నల్లో ఏడు ఒకే సందేహమని గుర్తుపట్టి ఒకటిగా అడగాలి. వక్త చెప్పిన పేరు సరిగా వినబడలేదని చాట్‌లో పడగానే, మాట మధ్య చోటు చూసి ‘ఆ పేరు మరోసారి చెప్తారా?’ అనాలి. దానికి విషయం తెలిసి ఉండాలి, చాట్‌లో రాసేవాళ్లమీద గౌరవం ఉండాలి, వక్తని ఆపే చనువు ఉండాలి. టెక్నికల్ సాయం చేసే కుర్రాడికి అదనంగా అప్పగించే పని కాదిది.

ఈ పనిలో తెలుగుకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. చాట్‌లో తెలుగు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో పడుతుంది. ఒకే మాటని పదిమంది పది స్పెల్లింగుల్లో రాస్తారు. యూట్యూబ్‌లో ఫలానా మాటలు కనబడితే ఆపేయమని జాబితా ఇవ్వొచ్చు. కానీ మన బూతుకి ఎన్ని స్పెల్లింగులని ఇస్తారు? ఒక అచ్చు పెంచితే, ఒక అక్షరం మధ్య చుక్క పెడితే జాబితా దాటేస్తుంది. కులం పేరుతో దెప్పే మాటలు చాలావరకు బూతులే కావు, మామూలు పదాలే. ప్రాంతం మీద వెటకారాలూ అంతే. వాటిని యంత్రం పట్టలేదు, ఆ ఊరి మనిషి పట్టాలి. పెద్ద సినిమా ప్రీ-రిలీజ్ ఈవెంట్ చాట్‌లో ఇద్దరు హీరోల అభిమానులు తిట్టుకుంటుంటే నిర్మాణ సంస్థలు పెద్దగా పట్టించుకోవు, అక్కడ గొడవ కూడా సందడే. ఒక రచయిత్రి తన కథ గురించి మాట్లాడే సభలో అలాంటివి రెండు పడితే చాలు, రాయాలనుకున్న మిగతా ఆడవాళ్లు రాయరు. ఒకరు ఇన్ని సెకన్లకి ఒక్క సందేశమే పంపగలిగేలా చేసే స్లో మోడ్ వంటివి కొంత ఉపయోగం. అంతకంటే ఎక్కువ ఉపయోగం, మొదటి తప్పు మాట పడిన నిమిషంలోనే దాన్ని తీసేసే మనిషి ఉండటం.

డబ్బు సంగతి కూడా ఉంది. 2017లో యూట్యూబ్ సూపర్ చాట్ మొదలుపెట్టాక, డబ్బు కట్టినవాళ్ల సందేశం రంగు పట్టీలో పైన కొంతసేపు నిలిచే ఏర్పాటు వచ్చింది. ఒంటరిగా ఛానల్ నడుపుకునేవాళ్లకి అది నిజమైన ఆదాయం, తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ రాజకీయ చర్చలు నడిపే ఛానళ్లలో సూపర్ చాట్‌లు మాత్రమే చదివే అలవాటు పాతుకుపోతే, ముందు వరస పెద్దలు మళ్లీ వచ్చినట్టే. ఈసారి వయసుతో కాదు, జేబుతో.

ఇక మిగిలేది ఏమిటన్న ప్రశ్న. హాల్లో అన్న మాటలు గాల్లో కలిసిపోతాయి, ఆన్‌లైన్‌లో రాసినవి ఉంటాయని అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం అయ్యాక వీడియోతో పాటు చాట్ కూడా, ఏ నిమిషంలో పడిన మాట ఆ నిమిషంలో కనిపించేలా ఉంటుంది. జపాన్‌లో నికోనికో, చైనాలో బిలిబిలి అనే సైట్లు ఏళ్ల తరబడి దీని మీదే బతికాయి. వ్యాఖ్యలు వీడియో మీదుగానే కుడి నుంచి ఎడమకి ఎగురుతూ పోతాయి, ఏడాది తర్వాత ఒంటరిగా చూసేవాడికి కూడా తోడున్నట్టు ఉంటుంది. మన సభల్లో తరచుగా జరిగేది వేరు. ప్రసారం అయ్యాక వీడియో దించుకుని, మొదట్లో మైకు సరిచూసుకున్న పది నిమిషాలూ కత్తిరించి, సంగీతం కలిపి మళ్లీ అప్‌లోడ్ చేసి, పాతది తీసేస్తారు. వీడియో శుభ్రంగా ఉంటుంది. పద్యంలో మిగతా మూడు పాదాలు రాసిన చాట్ పోతుంది. జూమ్ సభలో అయితే ఆ చాట్‌ని ఎవరో గుర్తుపెట్టుకుని సేవ్ చేయాలి. లేదంటే చాలాసార్లు గది మూయగానే అదీ పోతుంది. తప్పు దిద్దిన వాక్యం, ఇచ్చిన లింకు, జవాబు దొరకని ప్రశ్నలు తీసి వీడియో కింద వివరణలో పెట్టడానికి గంట పడుతుంది. ఆ ప్రశ్నల్లో రెండిటికి వక్త తీరిగ్గా జవాబు రాసిస్తే, సభకి రానివాళ్లకి కూడా పనికొస్తుంది.

దీనికంతటికీ ఖర్చు తక్కువే. రెండు గంటల సభకి చాట్ చూసే మనిషి ఒకరు, తిట్లు తీసే మనిషి ఒకరు, అయ్యాక గంట పని. అయినా జరగదు, ఎందుకంటే అది ఎవరి పనో ఎక్కడా రాసి ఉండదు. వాట్సాప్‌లో తిరిగే మన అంతర్జాల సభల పోస్టర్లు చూడండి. అధ్యక్షులు ఉంటారు, ముఖ్య అతిథి ఉంటారు, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ప్రార్థనా గీతం, వందన సమర్పణ, చివరికి సాంకేతిక సహకారం కూడా ఉంటుంది, ఒక్కొక్కరికీ గుండ్రటి ఫోటోతో. శ్రోతల మాట వక్తకి చేర్చే మనిషి పేరు మాత్రం ఆ పోస్టర్ మీద ఎక్కడా కనిపించదు. ఆత్మీయ అతిథుల్లో ఒకరిని తగ్గించినా ఆ ఫోటోకి చోటు దొరుకుతుంది.